లాంచీ నీళ్లు తాగిన నాలుగు రోజులు

ఖాదర్ చాచా పోయిన నలభయ్యో రోజు ఫాతెహాకు రమ్మని ఆయన కూతురు షాహీన్ ఫోన్ చేసింది. మోకాళ్లు అరిగినదాన్ని బస్సులో వెళ్లొద్దని ఇంట్లో అందరూ అడ్డుపడి, చివరికి కారు మాట్లాడి పంపారు. నేను ఒక్కదాన్నే ఎక్కడికైనా బయల్దేరితే మా ఇంట్లో ఇప్పటికీ ఒక చిన్న సభ జరగాల్సిందే. గోదావరిఖని చౌరస్తాలో షేర్ ఆటోల మధ్య కారు అరగంట ఇరుక్కుంది. షిఫ్టు విడిచిన వేళ. టిఫిన్ డబ్బాలు పట్టుకున్న కుర్రాళ్లు ఆటోల వెనక వేలాడుతూ పోతుంటే చూస్తూ కూర్చున్నాను. షాహీన్ వాళ్ల ఇంటి ముందే వర్క్‌షాపు. చున్నీ నడుముకు బిగించి, చేతికి గ్రీజుతో అది నాకు ఎదురొచ్చింది. వంటలు ఒకపక్క ఉడుకుతుంటే ఎవరిదో పంపుసెట్టు విప్పుకుని కూర్చుందట. తండ్రి పోలిక ముఖంలో లేదు కాని ఆ చేతుల్లో ఉంది. భోజనాలయ్యాక నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లి ఒక గోనెపట్టా తొలగించింది. దాని కింద మా లాంచీ ఇంజను. తుప్పు లేదు, దుమ్ము లేదు. నిన్ననే నూనె పెట్టినట్టుంది.

"అబ్బా ప్రతి జుమ్మాకు నమాజు అయినంక దీన్ని ఒకసారి స్టార్ట్ జేసేటోడు ఆపా. పడవనే లేదు, ఇంకా ఇంజనెందుకు అబ్బా, ఇచ్చేద్దాం అంటే కోపానికొచ్చేటోడు. 'ఇది ఇంజను గాదు బేటీ, మల్లన్న బిడ్డ నౌకరీ' అనేటోడు," అంది షాహీన్.

మల్లన్న అంటే మా బాపు. ఆ బిడ్డను నేను. అక్కడే ఒక పాత టైరు మీద కూర్చుని, నలుగురూ చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. ఏడుపులో దుఃఖం కొంతే. ఒక మనిషి నా ఉద్యోగాన్ని ఇన్నేళ్లు వారం వారం హ్యాండిల్ తిప్పి చూసుకున్నాడని, ఆ సంగతి నాకు ఒక్కసారి కూడా చెప్పలేదని తెలిసినప్పుడు వచ్చే ఏడుపుకు వేరే పేరు ఉండాలి.

మాది ఊరి చివర, గోదావరి ఒడ్డున పదిహేను ఇళ్ల వాడ. బాపు బాయిలో టింబర్‌మన్. బొగ్గు గనిని మావాళ్లు బాయి అనే అంటారు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టి, దిమ్మెకూ కప్పుకూ మధ్య చెక్క సీలలు దిగగొట్టడం ఆయన పని. సీల ఎంత బిగిస్తే కింద పనిచేసేవాళ్లకు అంత భరోసా. వేలు దూరేంత సందు ఉన్నా ఆ సందు పెరుగుతుంది, పెరిగితే కప్పు కిందికొస్తుంది. ఆ బుద్ధి ఇంటికి కూడా వచ్చేది. మంచం కోడు కాస్త కదిలితే సీల, గొడ్డలి పిడి వదులైతే సీల, గుమ్మం గడపకు సీల. మా ఇంట్లో కదిలే వస్తువంటూ ఉండేది కాదు. వానాకాలంలో మా తలుపు తెరవాలంటే లోపల ఒకరు లాగాలి, బయట ఒకరు తన్నాలి. "ఈ ఇల్లు కూలదు గని, మనం అండ్లనే సస్తం," అని అవ్వ, అంటే మా అమ్మ, రోజూ తిట్టేది. అవ్వ తిట్లకు సమయం ఉండేది. మధ్యాహ్నం మూడు దాటాక, బాపు మొదటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చే లోపల, పెరట్లో బొగ్గుల పొయ్యి మీద పెద్ద డేగిసాలో నీళ్లు కాగుతుండేవి. ఆ పొగ వాసన, దానికి తోడు ఆయన ఒంటికి రుద్దే సున్నిపిండి వాసన, రొట్టెలకు కలిపే జొన్నపిండి వాసన. ఎన్ని చెంబులు పోసుకున్నా బాపు చెవుల అంచులు మాత్రం నల్లగానే ఉండిపోయేవి. స్నానం అయ్యాక పుంటికూరతో రెండు రొట్టెలు తిని, అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడని మనిషి, అప్పుడు నా వైపు తిరిగి, "ఏంది బిడ్డా, ఇయ్యాల ఏం సంగతి?" అనేవాడు.

ఆ ఏడు నాకు చెప్పడానికి పెద్ద సంగతే దొరికింది. గోదావరికి అవతల, సరిగ్గా మాకు ఎదురుగా కనిపించే ఊళ్లో బడి ఉంది. దానికి ఒకే టీచరు. ఆయన బదిలీ అయి వెళ్లిపోతే నన్ను తాత్కాలికంగా వేశారు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. మా వాడలో జీతం తెచ్చిన మొదటి ఆడపిల్లను. మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా గోదావరి మా ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఇసుకే. మధ్యలో మోకాలి లోతు పాయ. చెప్పులు చేతబట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి ముప్పావుగంటలో బడికి చేరేదాన్ని. బెత్తం లేకుండా పాఠం చెప్పడం ఆ పిల్లలకు కొత్త, నలభై మంది ఒకేసారి మాట్లాడడం నాకు కొత్త. కాని నెల తిరిగేసరికి నాకు ఇంకో పని చేతకాదన్నంతగా ఆ పని మీద మనసు పడింది. వేసవి సెలవులిచ్చే రోజు తనిఖీకి వచ్చిన అధికారి నన్ను పక్కకు పిలిచి, "వానలు పడితే నది నిండుతుందమ్మా. ఎలా వస్తావు? బడి తెరిచిన రోజు నువ్వు లేకపోతే ఇంకొకరిని వెయ్యక తప్పదు," అని చెప్పాడు. ఆయన తప్పేం లేదు. స్టేషనుకు వెళ్లి రైలెక్కి అవతలి పట్నంలో దిగి, బస్సు పట్టుకుని, మళ్లీ నడిస్తే మధ్యాహ్న భోజనం వేళకు చేరతాను. ఆ ఊళ్లో ఒంటరిగా ఉండడానికి అవ్వ ఒప్పుకోదు. మా ఒడ్డున నాటుపడవలు నడిపేవాళ్లు నది పోటెత్తితే పడవలు పైకి లాగేసేవారు. ఇంట్లో సభ జరిగింది. పెద్దనాయన, మేనత్త, అందరూ వచ్చి, పిల్లకు ఇన్ని రోజుల ముచ్చట చాలన్నారు. బాపు మాత్రం మర్నాడు షిఫ్టు దిగి స్నానం కూడా చేయకుండా నన్ను పిలిచి, నది ఒడ్డున తుమ్మల మధ్యకు తీసుకెళ్లాడు.

అక్కడ ఒక లాంచీ పడి ఉండేది. మేమందరం దాన్ని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం కాబట్టి ఎవరం చూడనట్టే. ఎప్పుడో నదిలో ఏవో పనులు చేయించిన కాంట్రాక్టరు ఒకాయన సముద్రం వైపు నుంచి లారీ మీద తెప్పించుకుని, పని ముగిశాక వదిలేసి పోయాడట. టేకు పలకలు, ముందుకు సన్నగా దూసుకొచ్చిన ముక్కు, గుండ్రని చెక్క చక్రం, వెనక నీళ్లను తోసే ఇత్తడి పంకా. వార్నీషు ఎప్పుడో లేచిపోయింది. లోపల మేకలు పడుకునేవి. బాపు దాని చుట్టూ తిరిగి, ఒక చేత్తో కొడుతూ చెవి ఆనించి విన్నాడు. బాయిలో కప్పు మంచిదో కాదో తెలుసుకోవడానికి రాడ్డుతో కొట్టి చప్పుడు వింటారు. అదే పని.

"కట్టె సచ్చిపోలే బిడ్డా. ఎండింది, అంతే. బడి తెరిచేనాటికి దీన్ని నీళ్లల్ల ఏద్దాం," అన్నాడు.

వాడ పెద్దమనుషులను అడిగి, వాళ్లు నవ్వుతూ సరేనన్నాక, ఆ రోజు నుంచి మా ఇంటి మధ్యాహ్నాలు నది ఒడ్డుకు మారాయి. బాపు షిఫ్టు దిగి రావడం, అవ్వ డేగిసా నీళ్లు తోడడం, రెండు రొట్టెలు, తర్వాత నేనూ ఆయనా సామాను మోసుకుని తుమ్మల మధ్యకు వెళ్లడం. పాత తారు గీకి పారేయడం నా పని. గాజుపెంకులతో గీకితే టేకు ఎర్రగా బయటపడి, ఎన్నేళ్ల కిందటిదో ఒక తీపి వాసన వచ్చేది. ఇప్పటికీ కొత్త బల్ల దగ్గరికి వెళ్తే నేను ముక్కు ఆనించి చూస్తాను, మా మనవరాలు నవ్వుతుంది. ఊడిన మేకుల చోట రాగి మేకులు. పుచ్చిన రెండు పలకలకు బదులు ఎవరి ఇంట్లోనో పాత తలుపు చెక్కలు. ఇంజను సంగతి ఖాదర్ చాచా చూసుకున్నాడు. బాపుతో అదే బాయిలో కొన్నాళ్లు పనిచేసి, మానేసి సొంతంగా షెడ్డు పెట్టుకున్న మనిషి. ఇంజను విప్పి సైకిల్ వెనక ముక్కలు ముక్కలుగా షెడ్డుకు మోసుకెళ్లాడు. వాళ్లింటికి వెళ్లి నేను ఇంజను సంగతి అడిగితే, చాచీ నా చేతిలో చాయ్ గ్లాసు పెట్టేలోపల ఆయన అటక మీంచి, మంచం కిందనుంచి ఇంజను భాగాలు తీసి చూపించేవాడు. "ఫికర్ నక్కో బేటీ. నీ బడిల గంట కొట్టకముందు నా ఇంజను కొడ్తది," అనేవాడు.

పలకల మధ్య సందులు పూడ్చడమే అసలు పని. లావు నూలు పేలికలను తారులో ముంచి, సందులోకి ఉలితో దిగగొట్టాలి. తర్వాత గుగ్గిలం, నూనె కాచి పైన పొయ్యాలి. ఎండకు ఏళ్ల తరబడి ఆరిన పలకలు కాబట్టి కొన్నిచోట్ల సందులో నా చిటికెన వేలు పట్టేది. బాపుకు ఇంతకంటే తెలిసిన పని ఈ భూమ్మీద లేదు. ఒక్కో సందులో రెండు వరసలు, మూడు వరసలు కుక్కి, సుత్తి దెబ్బ ఖంగుమనేదాకా కొట్టేవాడు. మొహం వెలిగిపోయేది. ఆ రోజుల్లోనే లచ్చవ్వ వచ్చి దూరంగా కూర్చోవడం మొదలుపెట్టింది. నది ఒడ్డు గుడిసెలో ఉండే ముసలిది. భర్త, మామ, తండ్రి అందరూ పడవలవాళ్లే. చుట్ట నోట్లో నిప్పు లోపలివైపు పెట్టుకుని, ఎవరితోనూ మంచిగా మాట్లాడని మనిషి. ఒకరోజు లేచి దగ్గరికొచ్చి పలకలను తడిమింది.

"మల్లయ్యా, నీళ్లకు జాగ ఏడ ఇడిసినవ్?" అంది.

బాపు నవ్వాడు. "నీళ్లు రావద్దనే గదా లచ్చవ్వా గీ తిప్పలంత."

"నీకు ఎట్ల తోస్తే అట్ల జెయ్యి," అని వెళ్లిపోయింది. నేను కూడా బాపుతో కలిసి నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

జ్యేష్ఠంలో పైన ఎక్కడో వానలు పడి, మా ఒడ్డున మడుగు నిండింది. వాడ వాళ్లందరూ తాళ్లు పట్టి, దుంగల మీద దొర్లించి లాంచీని మడుగులో దించారు. ఒక్క చుక్క లోపలికి రాలేదు. బాపు లోపల అరచేత్తో తుడిచి, పొడి చెయ్యి అందరికీ చూపించాడు. అవ్వ బెల్లం పంచింది. మర్నాడూ పొడిగానే ఉంది. మూడో రోజు మధ్యాహ్నం చాచా ఇంజను తెచ్చి దించబోతున్నాడు, బాపు, నేను ఒడ్డున ఉన్నాం, తుపాకి పేలినట్టు ఒక చప్పుడు. వెంటనే ఇంకొకటి. బాపు చేసిన పని నేను బతికున్నంత కాలం మర్చిపోను. నా రెక్క పట్టి వెనక్కి విసిరేసి, "ఉర్కుండ్రి! బయటికి ఉర్కుండ్రి!" అని అరుస్తూ, తల ఎత్తి పైకి చూశాడు. పైన ఏముంది? ఎండ, ఆకాశం, ఒక గద్ద. బాయిలో దిమ్మె విరిగితే వచ్చే చప్పుడది. కప్పు కూలే ముందు వచ్చే చప్పుడు. మూడో చప్పుడు విన్నాకే ఆయనకు తాను నది ఒడ్డున ఉన్నానని, విరుగుతున్నది లాంచీ అని తెలిసింది. నీళ్లు పీల్చి ఉబ్బిన పలకలకు పక్కకు జరగడానికి చోటు లేదు. ఒకదాన్నొకటి నెట్టుకుని, లోపల పట్టి ఉంచిన పక్కటెముకల్లాంటి చెక్కల్లో మూడింటిని విరిచేశాయి. ఒక పలక మేకులతో సహా లేచి నిలబడింది. చూస్తుండగానే లాంచీ నిండిపోయి మడుగు అడుగుకు చేరింది.

బడి తెరవడానికి ఇంక పన్నెండు రోజులు.

రెండు రోజులు ఎవరం నది వైపు వెళ్లలేదు. బాపు షిఫ్టుకు వెళ్లి రావడం, తినడం, పడుకోవడం. పెద్దనాయన వచ్చి, పోనీలే, దేవుడే వద్దన్నాడు, పిల్లను ఇంట్లో ఉంచు అన్నాడు. నేను లోపల పాఠాల పుస్తకాలను గుడ్డలో మూట కట్టేశాను. నా తర్వాత వచ్చేవాళ్లకు ఇచ్చేయాలి కదా అని. ఆ మూట అవ్వ చూసింది. అంతవరకు నా ఉద్యోగం అంటే ముక్కు విరిచిన అవ్వ, మూట చూసి ఏమనుకుందో, నేరుగా వెళ్లి బాపు ముందు నిలబడింది.

"గా ముసల్ది ముందే అడిగింది గదా. పోయి కాళ్లు మొక్కు. నీ బిడ్డ మూట కట్టుకుంది జూడు," అంది.

బాపు వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. బాయిలో ముప్పై మందికి కప్పు నిలబెట్టే మనిషి లచ్చవ్వ గుడిసె ముందు నేల మీద కూర్చుని, "నాకు తెల్వలేదు. నువ్వు జెప్పు, నేను జేస్త," అన్నాడు. ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమో నాకు అప్పుడు తెలియలేదు. తర్వాత పాతికేళ్లు నేను కూడా తరగతిలో ఎన్నోసార్లు పిల్లల ముందు ఆ మాట అనాల్సి వచ్చినప్పుడు తెలిసింది.

లచ్చవ్వ చుట్ట తీసి, "మల్లయ్యా, మీ ఇంటి తలుపు వానకాలంల తెరుసుకుంటదా?" అని అడిగింది.

"తన్నాలె."

"మరి పడవకు ఏడాదంత వానకాలమే గద."

బాపు తల తిప్పి మా ఇంటి వైపు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. రెండు రోజుల తర్వాత మొదటి నవ్వు. లచ్చవ్వ నవ్వలేదు. మునిగిన లాంచీని ఒడ్డుకు లాగించి, కుక్కిన నూలంతా పీకేయమంది. ఒక్క వరస, అది కూడా వేలితో నొక్కితే దిగేంత మెత్తగా పెట్టమంది. విరిగిన చెక్కలకు బదులు వంకర తుమ్మ కొమ్మలు చూసి కోసుకురమ్మంది. "కట్టెను వంచకు, వంగిన కట్టెనే దేవులాడు," అంది. బాపు జీవితమంతా నిటారు కర్ర కోసం వెతికినవాడు. వంకర ఉంటే కాలితో తన్ని పక్కన పడేసేవాడు. ఇప్పుడు తండ్రీ కూతుళ్లం తుమ్మచెట్ల కింద మెడలు పైకెత్తి, "అగో, అది మంచిగ వంకరున్నది" అని ఒకరికొకరం చూపించుకుంటూ తిరిగాం. చాచా రెండు రోజులు షెడ్డు మూసి వచ్చి రంపం పట్టాడు. ఆరు రోజుల్లో ఆ మూడు ఎముకలు కూర్చాం.

తర్వాత అసలు పరీక్ష. లచ్చవ్వ లాంచీని మోకాలి లోతు నీళ్లలో పెట్టించి, లోపల కూడా నీళ్లు నింపించింది. మంచి లాంచీని తెచ్చి కావాలని ముంచినట్టు. సందుల్లోంచి బుడగలు వస్తున్నాయి, నీళ్లు ధారగా వస్తున్నాయి. నాలుగు రోజులు దాన్ని ముట్టుకోవద్దని ఆజ్ఞ. "దప్పికైంది దానికి. తాగనియ్యి," అంది. బాపు ఆ నాలుగు రోజులూ షిఫ్టు దిగి వచ్చి ఒడ్డున కూర్చునేవాడు. ఎదురుగా సందు కనిపిస్తోంది, చేతి కింద సుత్తి ఉంది, ఏమీ చేయకూడదు. రెండో రోజు ఆయన చెయ్యి రెండుసార్లు సుత్తి దాకా వెళ్లి వెనక్కి రావడం చూశాను. మూడో రోజు సుత్తి నా చేతికిచ్చి, "ఇంట్ల దాచిపెట్టు బిడ్డా, నా మీద నాకు నమ్మకం లేదు," అన్నాడు. నాలుగో రోజు సాయంత్రం బకెట్లతో నీళ్లు తోడేశాం. తోడి, పక్కన కూర్చుని చూశాం. రాలేదు. పలకలు వాటంతట అవే ఒకదానికొకటి ఒరిగి, ఎవరూ కొట్టకుండానే బిగుసుకున్నాయి. చాచా ఇంజను దించాడు. హ్యాండిల్ మూడుసార్లు తిప్పితే పట్టుకుంది. ఒడ్డున పొగ, డీజిల్ వాసన, పిల్లల కేకలు. లచ్చవ్వ అప్పటికే గుడిసెలోకి వెళ్లిపోయింది.

ఆ లాంచీ పదకొండేళ్లు నడిచింది. ప్రతి వేసవిలో మా ఇంట్లో ఒక పండుగ ఉండేది, ఏ పంచాంగంలోనూ లేనిది. లాంచీని నీడకు లాగి, తడి గోనెసంచులు కప్పి, రోజూ రెండు పూటలా నీళ్లు చల్లాలి. ఆరితే మళ్లీ మొదటికొస్తుంది. అవ్వ పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేది. "నా బిడ్డ నౌకరీ ఎండుతది," అంటూ ఎండలో కడవలు మోసేది. గుగ్గిలం కాగే వాసనకు ఇరుగుపొరుగు వచ్చేవారు. పంకా ఇరుసు పక్కనుంచి నీళ్లు లోపలికి రాకుండా చాచా కొత్త తాడు గ్రీజు పూసి చుట్టేవాడు. వంతెన వచ్చాక లాంచీ పని తగ్గింది. ఇంజను చాచా తీసుకెళ్లాడు, ఒట్టి పడవను లచ్చవ్వ మనుమడు చేపలకు వాడుకున్నాడు. ఒక వరదకు అది కొట్టుకుపోయింది. నేను బాధపడలేదు. అది చేయాల్సిన పని చేసి పోయింది.

మొన్న ఫాతెహా నుంచి తిరిగొస్తూ డ్రైవరును ఆ వంతెన మీదుగా తీసుకెళ్లమన్నాను. నాలుగు నిమిషాలు పట్టింది. మా తుమ్మలున్న చోట ఇప్పుడు ఏ చెట్టూ లేదు. దూరంగా ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు, ఒకప్పుడు లేని గుట్టలు, కొండల్లా లేచి ఉన్నాయి. బాపు దిమ్మెలు నిలబెట్టిన బాయి మూసేశారు. పైకప్పే లేని గనుల్లో టింబర్‌మన్‌తో పనేముంది? ఇప్పుడు ఆడపిల్లలు స్కూటీల మీద ఆ వంతెన దాటి ఉద్యోగాలకు వెళ్తున్నారు, ఇంట్లో ఎవరూ సభలు పెట్టడం లేదు. మంచిదే. మనస్ఫూర్తిగా మంచిదే. వాళ్ల కోసం ఎవరూ నది ఒడ్డున చేతులు కట్టేసుకుని కూర్చోనక్కర్లేదు. నాకోసం కూర్చున్నారు, అంతే తేడా. ఆ రుణం పెద్దది. 

మొదటి వారం సంగతి చెప్పి ముగిస్తాను. బడి తెరిచిన రోజు ఉదయం నది నిండుగా ఎర్రగా పారుతోంది. విరిగిన లాంచీ అని పేరు పడడంతో మాతో ఎక్కడానికి వాడలో ఎవరూ ముందుకు రాలేదు. బాపు, నేను. ముందురోజు సాయంత్రమే చాచా లాంచీకి తాడు కట్టి, మడుగులో ఆయనకు చక్రం తిప్పడం నేర్పించాడు. బాపు పక్కకు చూడకుండా, పావుగంటలో నన్ను అవతలికి చేర్చాడు. నేను దిగి, "ఇగ నువ్వు పో బాపూ, సాయంత్రం రా," అన్నాను. "పోతలే, నువ్వు నడువు," అన్నాడు. అధికారి బడి దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి, తడిసిన చీర అంచు చూసి, హాజరు పట్టీ నా చేతికిచ్చాడు. మధ్యాహ్నం ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చి, "టీచర్, మీ బాపు ఒడ్డుమీదనే కూసున్నడు," అన్నాడు. లాంచీకి కాపలా ఉన్నాడనుకున్నాను. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. వారం లీవు పెట్టాడని అప్పుడు తెలిసింది. నాలుగో రోజు ఇంటికి వచ్చాక అవ్వను అడిగాను.

"నీకు తెల్వదా? మీ బాపుకు ఈత రాదు. నీళ్లంటే జెడుపు. నువ్వు పడవల ఉంటె ధైర్యం ఉంటది గని, ఒక్కడు మర్లి రావాల్నంటె కాళ్లు ఆడవట," అంది.

మర్నాడు నేను పిల్లలకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. నది ఒడ్డు పిల్లలు, నడక కంటే ముందు ఈత వచ్చినవాళ్లు. భోజనం విరామంలో నలభై మందీ గుంపుగా వెళ్లి మా బాపును చేతులు పట్టి నీళ్లలోకి లాక్కెళ్లారు. ఒడ్డు పక్క లోతు లేని పాయలో, నాలుగో తరగతి పిల్లలు నడుం కింద చేతులు పెట్టి పట్టుకుంటే, బాయిలో కప్పును నిలబెట్టే మనిషి కళ్లు గట్టిగా మూసుకుని తేలడం నేర్చుకున్నాడు. "తాతా, కాళ్లు కొట్టు! తాతా, నోరు మూసుకో!" అని వాళ్ల కేకలు నాకు బడి దాకా వినిపించేవి. ఎనిమిదో రోజు ఉదయం నన్ను దింపి, ఆయన మొదటిసారి లాంచీని వెనక్కి తిప్పాడు. ఉదయం దింపి సాయంత్రం వచ్చి తీసుకెళ్లడానికి వీలుగా, అందరూ తప్పించుకునే రాత్రి షిఫ్టును అడిగి తీసుకున్నాడని నాకు నెల తర్వాత జీతం రోజున చాచా చెప్పాడు. ఉదయం బాయి నుంచి వచ్చి నన్ను దాటించి, అప్పుడు వెళ్లి పడుకునేవాడు.

నేను నేరుగా తరగతిలోకి వెళ్లి, పట్టీ తెరిచి, కలం పట్టుకుని ఆగేదాన్ని. నలభై మంది పిల్లలు, ఎప్పుడూ ఒక్క నిమిషం నోరు మూయని పిల్లలు, నిశ్శబ్దంగా కూర్చునేవారు. దూరంగా ఇంజను చప్పుడు. నది మధ్యకు వెళ్లేకొద్దీ సన్నబడేది. గాలి వీస్తే పోయేది, మళ్లీ వచ్చేది. చివరికి మా వాడ ఒడ్డున ఆగేది. ముందు వరసలో ఎవరో ఒకరు, "తాత దిగిండు టీచర్," అనేవారు. అప్పుడు నేను మొదటి పేరు పిలిచేదాన్ని.